కరెంటు బిల్లు కట్టిన బిట్‌కాయిన్
ఓపెన్‌బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌ను 1995 నుంచి వలంటీర్లే నడుపుతున్నారు. ప్రపంచంలోని లెక్కలేనన్ని సర్వర్లలో పనిచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అనే సాఫ్ట్‌వేర్ కూడా వాళ్లు రాసిందే. అయినా 2014 జనవరిలో, కెనడాలోని కాల్గరీలో ఉన్న తమ యంత్రాలకు కరెంటు బిల్లు కట్టలేక వాళ్లు చేయి చాచాల్సి వచ్చింది. కావలసింది 20,000 డాలర్లు. ఆ సాఫ్ట్‌వేర్‌ను వాడుకునే పెద్ద కంపెనీలకు అదేమంత లెక్క కాదు. రొమేనియాకు చెందిన బిట్‌కాయిన్ వ్యాపారి మిర్చా పొపెస్కు ఆ మొత్తాన్ని బిట్‌కాయిన్ల రూపంలో ఇచ్చాడు.

అదే ఏడాది నవంబరులో బ్రౌజర్ తయారీ సంస్థ మొజిల్లా కూడా బిట్‌కాయిన్ విరాళాలకు తలుపు తీసింది. బిట్‌కాయిన్ నాణేల తవ్వకం (మైనింగ్) మింగేసే విద్యుత్తుపై విమర్శలు ముదరడంతో 2022 జనవరిలో ఆ విరాళాలను ఆపింది. ఏప్రిల్‌లో విధానం మార్చుకుంది: బిట్‌కాయిన్‌లా విపరీతంగా కరెంటు తాగే నాణేలను ఇక తీసుకోబోమని ప్రకటించింది.