అతుకు ఎవరిదైతే వస్తువు వారిది

కువైత్‌లోని మంగఫ్ అంటే ఇవాళ అపార్ట్‌మెంట్ల వరసలు, వాటిలో కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వచ్చినవాళ్లు. 1946లో కువైత్ చమురు ఎగుమతి మొదలుకాక ముందు అది బావినీళ్లనూ ఖర్జూరపు చెట్లనూ చేపల వేటనూ నమ్ముకున్న తీరపల్లె. పడవకు పనికొచ్చే మాను ఆ ఇసుకలో మొలవదు. అయినా కువైత్ రాజముద్ర మీద ఉన్నది చెక్క ఓడే. దాని టేకు మలబారు నుంచి వచ్చేది. కువైత్ వడ్రంగులు ఆ పలకలను ఇనుప మేకులతో బిగించి, సందుల్లో నూనెలో తడిపిన పత్తి కూరేవారు. ఓడ నిలిచేదీ మునిగేదీ ఆ సందు దగ్గరే. అదే తీరాన పెళ్లికూతుళ్లు నగలు దాచుకున్న ఇత్తడి మేకుల పెట్టెలు చాలావరకు మన పశ్చిమ తీరంలో చేసినవి. నా లెక్కన అవి మనవే. చేతిపని వస్తువు ఏ ఊరిదో తేల్చాల్సింది దాని ముడిసరుకు కాదు, అతుకు.

ఈ వాదానికి గట్టి పరీక్ష రాజమండ్రిలో జరిగింది. కోసూరి వెంకటరత్నం 1932లో అక్కడ పెన్నుల తయారీ మొదలుపెట్టారు. తొలుత చేసిన పెన్నులో విదేశీ భాగాలున్నాయని గాంధీ ఒప్పుకోలేదని చెబుతారు. తర్వాత చేసిన పెన్నును అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘానికి చెందిన జె.సి. కుమారప్ప చేతికిచ్చి పంపితే, 1935 జూలై 16న గాంధీ కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం రాశారు. బజారులో దొరికే విదేశీ పెన్నులకు ఇది మంచి ప్రత్యామ్నాయంలా ఉందన్నారు. ఆ మాటలో పొగడ్త కంటే కొలత ఎక్కువ. వాడి చూసి మరీ చెప్పిన మాట అది. బహుమతి ఇచ్చినవాడికి అంతకంటే ఏం కావాలి?

గాంధీ చూసింది ముడిసరుకునే కదా, నీ వాదం అక్కడే వీగిపోయింది అనవచ్చు. నిజమే, ఆయన పట్టుదల అదే. కానీ రత్నం వాడిన ఎబొనైట్ సంగతి చూడండి. రబ్బరును గంధకంతో ఉడికించి గట్టిపరిచే విద్య 19వ శతాబ్దంలో పడమటి దేశాల్లో పుట్టింది. ముడిసరుకు పుట్టుకే లెక్కయితే ఏ పెన్నూ స్వదేశీ కాదు, రెల్లు కలం తప్ప. మరి బయటి భాగాలు తెచ్చి బిగించినవాడు కూడా తయారీదారేనా అంటే, కాదు. ఎబొనైట్ కడ్డీని లేత్ మీద చెక్కి, లోపల తొలిచి, మూతకూ గొట్టానికీ ఒకదానికొకటి సరిపడేలా మరలు కోయడం వేరు. చేత్తో చేసిన రెండు పెన్నుల మూతలు మార్చి చూస్తే తరచు పట్టవు. ఆ జత అక్కడే పుట్టిందన్నదానికి అదే సాక్ష్యం. యంత్రంతో చేస్తే ఏ మూతైనా ఏ గొట్టానికైనా పడుతుంది, అది యంత్రం గొప్పతనం. దాన్ని కాదనడం మూర్ఖత్వం. కాకపోతే ఒకరి కోసమని చేసి ఇచ్చే పెన్ను దగ్గర ఆ గొప్పతనంతో పని లేదు.

చెక్క ముక్కలనూ ఇత్తడి రేకులనూ పొరలుగా అంటించి చేసే పెన్నులో ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. చెక్క తేమ తాగి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండితే కుదించుకుపోతుంది; ఇత్తడి తేమను పట్టించుకోదు గానీ వేడికి సాగుతుంది. లేత్ మీద ఉలి ఆనించగానే ఇత్తడి చెక్క కంటే ముందు వేడెక్కుతుంది, ఆ వేడికి జిగురు మెత్తబడి పొర జారుతుంది. అందుకే పనివాడు పలచగా గీస్తూ, మధ్యలో ఆపి చల్లారనిస్తాడు. చెక్క పగలకుండా లోపల ఇత్తడి గొట్టం తొడుగుతాడు. 2016 జూలై 21న కువైత్‌లోని మిత్రిబాలో దాదాపు 54 డిగ్రీలు నమోదయ్యాయి. అలాంటి ఎండలో కారులో మరచిపోయిన పెన్ను ముందు విచ్చుకునేది పొరల మధ్యే.