నందలాలుని నలుపు తెలుపులు - బాలుర అచ్చుపని

మన ప్రాథమిక పాఠశాలలలో చిత్రలేఖన మనగా చిరకాలము చూచి వ్రాయుటయే యై యుండెను. ఉపాధ్యాయుడు నల్లబల్లమీద మామిడిపండు గీయును. నలువదిమంది పిల్లలు నలువది మామిడిపండ్లు గీయుదురు. ఇట్టిచోట ఒక మహాచిత్రకారుని శైలిని పిల్లల ముందుంచుట మేలో కీడో యని మేము చాలకాలము సంశయించితిమి. 1897లో వియన్నా నగరమున బాలచిత్రకళా తరగతిని నెలకొల్పిన ఫ్రాన్స్ చీజెక్ పెద్దల ప్రభావము పిల్లల చేతిపై పడరాదనెను. ఆ మాటను త్రోసివేయుట సులభము కాదు.

అయినను 1930లో శాంతినికేతనమునుండి వెలువడిన రవీంద్రుని 'సహజ పాఠ్' చూడుడు. అది వంగబాలురకు అక్షరములు నేర్పు వాచకము. అందలి బొమ్మలు కళాభవనాచార్యుడగు నందలాల్ బోసువి. ఆయన వానిని లినోకట్ పద్ధతిని చెక్కెను. లినోలియము అవిసెనూనెతో చేసి నేలపై పరచునట్టి మెత్తని దళసరి పట్ట. దానిని చిన్న ఉలితో చెక్కి, చెక్కక విడిచిన యెత్తుపై సిరా పూసి, కాగితము నదిమినచో బొమ్మ పడును. చెక్కినది తెలుపు, విడిచినది నలుపు. నడుమ బూడిదరంగునకు తావు లేదు. ఆ యేటనే దండియాత్రను తలచి కర్ర చేతబట్టి నడచు గాంధీగారిని ఆయన చెక్కెను. నల్లని నేలపై కొన్ని తెల్లని గీతలు, అంతియే!

ఒక పాఠశాలలో పదేండ్ల పిల్లలకు ఈ బొమ్మలు చూపి రబ్బరు పలకలు చెక్కించుచుండగా మేము చూచితిమి. మొదటినాడు అందరును గాంధీగారినే దిద్దిరి. ఒక్కదానియందును ప్రాణము లేదు. మరునాడు ఉపాధ్యాయురాలు పుస్తకమును దాచి, "మీ యింట చూచినదానిని చెక్కుడు, ఏది తెల్లగా నుండవలెనో మీరే తేల్చుకొనుడు" అనెను. ఒక బాలిక తిరుగలి త్రిప్పుచున్న అవ్వను చెక్కినది. కోక యంతయు నలుపు. అంచును, చేతులును మాత్రము తెలుపు. ఏమి విడువవలెనో ఆ పిల్ల నందలాలు నొద్దనే నేర్చినది, కాని అవ్వ మాత్రము తన యవ్వయే.

పేరు తిరుగబడి పడగా తరగతి యంతయు నవ్వెను. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కువారు నిత్యము వెనుకముందుగనే చెక్కుదురని ఉపాధ్యాయురాలు చెప్పగా, నవ్విన వారే తమ పేళ్లను తలక్రిందుగా వ్రాసి చూచుకొనసాగిరి.

ఆరేడేండ్ల వారి చేతికి ఉలి తగదు. వారికి బెండకాయ చాలును. అడ్డముగా కోసి రంగులో ముంచి యద్దినచో అయిదు రేకుల పూవు పడును. దానికి నందలాలు సాయము సైత మక్కరలేదు.