పుస్తకాలు కాలాయి, చేతులు మిగిలాయి

పుత్తూరు కట్టు గురించి తెలియని తెలుగువాళ్ళు తక్కువ. మంగోలియాలోనూ అచ్చం అలాంటివాళ్ళే ఉన్నారు. వాళ్ళని 'బారియాచ్' అంటారు. పట్టుకోవడం అనే క్రియ నుంచి పుట్టిన మాట అది. మత్తుమందు లేదు, కత్తి లేదు, వేళ్ళతో తడిమి ఎముకని సరిచేస్తారు. మనలాగే అక్కడా ఇది ఎక్కువగా వంశాల్లో నడిచే విద్య.

1920ల్లో అక్కడి గడ్డిమైదానంలో పుట్టిన ఇద్దరు అన్నదమ్ముల్ని ఊహించుకోండి. ఇల్లంటే 'గెర్', అంటే గొర్రె ఉన్నితో చేసిన మందపాటి కంబళ్ళు కప్పిన గుండ్రటి గుడారం. గొర్రె, మేక, ఆవు, గుర్రం, ఒంటె, ఇవే ఆస్తి. గడ్డి ఎక్కడుంటే ఏడాదికి కొన్నిసార్లు ఇల్లు అక్కడికి. చలికాలంలో మైనస్ 30 డిగ్రీలు మామూలే.

తమ్ముడు ఇంట్లోనే పెరిగాడు. గొర్రె చీలమండ ఎముకలే వాడి ఆటబొమ్మలు. జంతువుని కోసినప్పుడల్లా ఏ కీలు ఎక్కడ, ఏది దేనికి అతుక్కుని ఉందో చూశాడు. గుర్రం మీంచి పడ్డవాళ్ళకి తాత కట్టు కడుతుంటే పక్కన కూర్చున్నాడు. సిలబస్ లేదు, పరీక్ష లేదు. ఒకరోజు తాత "నువ్వు పట్టి చూడు" అన్నాడు, అంతే.

అన్నని మాత్రం ఇంట్లోవాళ్ళు బౌద్ధారామానికి పంపారు. అప్పట్లో అది మామూలే. పెద్ద ఆరామాల్లో 'మన్బా దాత్సాన్' అనే వైద్య విభాగాలుండేవి. అక్కడ టిబెటన్ భాషలో ఉన్న 'నాలుగు తంత్రాలు' అనే గ్రంథాన్ని ఏళ్ళ తరబడి కంఠస్థం చెయ్యాలి. అందులో రోగానికి మూలాలు మూడు. మంగోల్ భాషలో వాటి పేర్లు హీ, షార్, బద్గన్. మన వాతం, పిత్తం, కఫమే! వాగ్భటుడి అష్టాంగహృదయం 11వ శతాబ్దంలో టిబెటన్‌లోకి వెళ్ళింది. 12వ శతాబ్దపు నాలుగు తంత్రాలు దాన్నుంచి చాలా తీసుకున్నాయి. 1578లో అల్తాన్ ఖాన్ మూడో దలైలామాని కలిశాక టిబెటన్ బౌద్ధం మంగోలుల్లో బాగా పాతుకుంది. వైద్యం కూడా దానితోపాటే వచ్చింది.

ఇక 1937. స్టాలిన్ వెనక ఉండి నడిపించగా చోయ్‌బాల్సాన్ ప్రభుత్వం విరుచుకుపడింది. 1939కల్లా దాదాపు 17,000 మంది లామాలని చంపేశారు. దేశ జనాభా అప్పటికి ఎనిమిది లక్షలు కూడా లేదు. వందలకొద్దీ ఆరామాలు నేలమట్టం. పుస్తకాలు కాల్చేశారు. అన్న బతికుంటే జైల్లోనో, పేరు మార్చుకుని ఎక్కడో గొర్రెలు కాస్తూనో ఉంటాడు. తమ్ముడికి మాత్రం ఏమీ కాలేదు. గుడారంలో కూర్చుని ఎముకలు సరిచేసేవాడి దగ్గర కాల్చడానికి ఏముంది?

మన భాషలో చెప్పాలంటే ఆరామంలో డేటా అంతా ఒకే సర్వర్‌లో ఉంది. గుడారాల్లో ప్రతి ఇంట్లో ఒక కాపీ ఉంది.

అలాగని ఆధునిక వైద్యాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. సోవియట్ డాక్టర్లు వచ్చాకే సిఫిలిస్ లాంటి రోగాలు అదుపులోకి వచ్చాయి. మంత్రాలకి లొంగని జబ్బుల్ని మందులు లొంగదీశాయి. ఆ మంచి జరగడానికి వైద్య లామాల్ని చంపాల్సిన అవసరం మాత్రం లేదు.

1990లో ప్రజాస్వామ్యం వచ్చాక పాత వైద్యం మళ్ళీ బయటికొచ్చింది. విశ్వవిద్యాలయంలో కోర్సు పెట్టారు. కానీ గురువుల్లో ఎక్కువమంది అప్పటికే లేరు. గ్రంథం మళ్ళీ దొరికినా, ఫలానా శ్లోకాన్ని ఫలానా రోగి విషయంలో ఎలా అన్వయించాలో చెప్పే మనిషి దొరకలేదు.

ఇన్నాళ్ళూ తమ్ముడి విద్యే గెలిచిందనుకునేవాణ్ణి. ఇప్పుడు అంత నమ్మకం లేదు. చేతిలో ఉన్న విద్య బతుకుతుంది నిజమే, కానీ దాని తప్పులు ఎక్కడా రాసుండవు. వంకరగా అతుక్కున్న చెయ్యి ఏ లెక్కలోకీ రాదు. కాగితం మీద ఉన్నదాన్ని ఎవరైనా ప్రశ్నించొచ్చు, దిద్దొచ్చు. 1937లో పోయింది మందుల జాబితా ఒక్కటే కాదు, ఆ వైద్యం తన తప్పుల్ని తానే దిద్దుకునే అవకాశం కూడా. పుత్తూరు కట్టు విషయంలో మనకి ఆ అవకాశం ఇంకా ఉంది. మరి ఎవరైనా రాసి పెడుతున్నారా?