సజ్జ మీద తెడ్డు

మొదట చెప్పులు తేలి ఉంటాయి. ఏ ఊళ్లో వరదొచ్చినా ముందు కదిలేవి గడప దగ్గరి చెప్పులే. ఆ తర్వాత ఖాళీ బిందెలు, ఆ తర్వాత గ్యాస్ బండ. నిద్రలో ఉన్న మనిషి మంచం దిగబోతే కాలికి గచ్చు తగలదు, చల్లగా నీళ్లు తగులుతాయి. కరెంటు ఉండదు. బయట చప్పుడు వానదో వాగుదో తెలియదు.

2023 జూలై 27, తెల్లవారుజాము. భూపాలపల్లి నుంచి పరకాల పోయే రోడ్డు మీద మోరంచపల్లి. ఊరి పక్కనే మోరంచవాగు. ఆ వేళకు అది పక్కన లేదు, ఊరి నడుమనే ఉంది. పిల్లలను భుజాన వేసుకొని, ముసలివాళ్లను చేతులు పట్టి లాగుతూ జనం డాబాల మీదికి ఎక్కారు. డాబా లేనివాళ్లు చెట్లెక్కారు. రోడ్డు మీద లారీలు నీళ్లలో చిక్కుకుపోయాయి. తెల్లవారేసరికి డాబాల మీది నుంచి ఫోన్లు, వీడియోలు. ‘మమ్మల్ని కాపాడండి’ అన్న మాట రాష్ట్రమంతా విన్నది.

ఆ ఉదయానికి ముగిసిన ఇరవై నాలుగు గంటల్లో అదే భూపాలపల్లి జిల్లాలోని చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వాన పడింది. పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8. ఒక్కరోజు వానలో రాష్ట్రం అంతకుముందు చూడని లెక్క అది. ఏడాదిలో పడాల్సిన దానిలో సగం ఒక్క రాత్రిలో కుమ్మరిస్తే వాగు మాత్రం ఏం చేస్తుంది? మోరంచపల్లిలో నలుగురు కొట్టుకుపోయారు. మిగతావాళ్లను పడవల్లో, హెలికాప్టర్ల సాయంతో బయటికి తెచ్చారు. చిట్యాల మండలం నైన్‌పాకలో ఆరుగురు జేసీబీ మీదికెక్కి కూర్చుంటే, వాయుసేన హెలికాప్టర్ వచ్చి పైకి లాక్కుంది.

హెలికాప్టర్ సంగతి అందరూ రాశారు. నాకు మాత్రం అప్పటి నుంచీ ఒక చిన్న విషయం మనసులో ములుకులా ఉండిపోయింది. తెల్లవారుజాముకూ పడవ వచ్చిన వేళకూ మధ్య ఎన్ని గంటలు? ఆ గంటల్లో డాబా మీద మనిషి చేతిలో ఏముంది? ఫోనుంది, దాని చార్జింగ్ అయిపోతోంది. ఎదురింటి డాబా పాతిక గజాల దూరంలో ఉంది. పాతిక గజాలు దాటడానికి ఆ ఊళ్లో ఏ ఇంట్లోనైనా ఒక తెడ్డు ఉందా?

ఉండదు. ఎందుకుంటుంది? మనది గోదావరి లంక కాదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ చెరువులను నమ్ముకొని, మొగులు దిక్కు చూసే జాగాలు. జనగామకైతే కరువు సీమ అనే పేరుంది. దేవాదుల ఎత్తిపోతల నీళ్లొచ్చి చెరువులు నిండాక ఇక్కడ చేపలు పట్టేవాళ్లు పెరిగారు కానీ, పడవలు కాదు. ఉన్నవి థర్మాకోల్ తెప్పలు. నాలుగైదు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, యూరియా సంచుల్లో చుట్టి, నైలాన్ తాడుతో బిగిస్తారు. మీద గొంతుక్కూర్చొని, రెండు చేతుల్లో రెండు చెక్క ముక్కలతో నీళ్లను వెనక్కి తోస్తూ పోతారు. ఆ చెక్క ముక్క చెప్పంత ఉంటుంది. నిండు చెరువులో సరిపోతుంది. పారే నీళ్లలో అది దండగ.

తేలే వస్తువులు ఇంటినిండా ఉంటాయని గమనించారా? నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము, లారీ ట్యూబు, మూత బిగించిన క్యాన్లు, థర్మాకోల్ పెట్టె. తేలడం కష్టం కాదు. తేలిన తర్వాత ఎటు పోవాలో మన ఇష్టం కావడమే కష్టం.

ఇది రెండు వందల ఏళ్ల కిందటే తేలిన సంగతి. 1821 సెప్టెంబర్ చివర, కెనడా ఉత్తరాన, జాన్ ఫ్రాంక్లిన్ అనే బ్రిటిష్ నావికాధికారి ఇరవై మంది బృందంతో కాపర్‌మైన్ నది ఒడ్డున నిలబడ్డాడు. తిండి అయిపోయింది. పడవలు మోసేవాళ్ల చేతుల్లోంచి పడి విరిగాయి. నది వెడల్పు నూట ముప్ఫై గజాలే. పచ్చి విల్లో కొమ్మలు కట్టలు కట్టి తెప్ప చేశారు. ఒక్క మనిషిని మోసేపాటి తేలింది. కానీ దాన్ని నడపడానికి తెడ్డు లేదు. గడ వేస్తే అడుగు అందదు. ఎదురుగాలి మళ్లీ మళ్లీ ఒడ్డుకే తోసేసింది. డాక్టర్ రిచర్డ్‌సన్ నడుముకు తాడు కట్టుకొని ఆ మంచునీళ్లలో ఈదబోయి, చేతులు కొయ్యబారి మునిగాడు. తాడు పట్టి లాగితే ప్రాణం దక్కింది. చివరికి దుబాసీ పియరీ సెయింట్ జర్మేన్ పరుపులు చుట్టే కాన్వాస్ గుడ్డతో చిన్న పడవ కుట్టి, అక్టోబర్ 4న దాటించాడు. వారానికి పైగా నది ఒడ్డునే పోయింది. ఆ యాత్రలో ఇరవై మందిలో పదకొండు మంది చనిపోయారు.

ఆ కథ తెలిసిన పీటర్ హాల్కెట్ అనే రాయల్ నేవీ లెఫ్టినెంట్ 1840లలో ఒక చిత్రమైన కోటు చేశాడు. మాకింటోష్ రబ్బరు గుడ్డతో కుట్టిన పైముసుగు అది. మామూలప్పుడు వానకు కప్పుకోవచ్చు. అవసరం పడితే పరిచి, జేబులోని చిన్న తిత్తితో గాలి కొడితే నాలుగు నిమిషాల్లోపే పడవ. ఇంకో జేబులో తెడ్డు రెక్క. చేతికర్ర కొసకు దాన్ని తగిలిస్తే తెడ్డు. గొడుగు తెరిస్తే తెరచాప. థేమ్స్ నదిలో, తర్వాత బిస్కే అఖాతంలో దాన్ని నడిపి చూపించాడు. నౌకాదళ పెద్దలు ఏమన్నారంటే, చాలా తెలివైన వస్తువే, అన్వేషణ యాత్రలకు పనికిరావచ్చు, మా మామూలు పనులకు మాత్రం కాదు అన్నారు. డాక్టర్ జాన్ రే 1846లో ఆర్కిటిక్‌కు పోతూ హాల్కెట్ పడవను తీసుకుపోయి బాగా వాడుకున్నాడు. అయినా ఆ పడవలు లోకంలో నిలవలేదు. స్కాట్లండ్ ఉత్తరాన ఓర్క్‌నీ దీవుల్లోని స్ట్రామ్‌నెస్ మ్యూజియంలో ఒకటి మిగిలింది.

హాల్కెట్‌లో నాకు నచ్చింది గాలి పడవ కాదు, చేతికర్ర. తెడ్డును విడిగా మోయించకుండా, మనిషి ఎలాగూ మోసే వస్తువులో దాచాడు.

2024 సెప్టెంబర్ 1న ఆకేరు వాగు పొంగింది. మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలం సీతారాం తండా మునిగింది, జనం మళ్లీ డాబాల మీదికెక్కారు. పురుషోత్తమాయగూడెం వంతెన దగ్గర తండ్రీకూతుళ్లు ప్రయాణిస్తున్న కారు కొట్టుకుపోయింది. ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింది కంకర పోయి రైళ్లు ఆగాయి. రెండేళ్లలో రెండోసారి. ఇక ఆగలేక నేను జనగామలో తెలిసిన వెల్డింగ్ మేస్త్రీ దగ్గరికి పోయి, మడిచి సజ్జ మీద పెట్టుకునే తెడ్డు కావాలని అడిగాను.

“సజ్జ మీద ఎందుకు సారూ? చేపలు పట్టేటోనికి ఒడ్డుకుంటే సాలదా?”

“చేపలకు కాదు మేస్త్రీ. ఏడాదికొక్క రాత్రికి.”

ఆయన నవ్వలేదు. ఆయన చుట్టాలది మరిపెడ దిక్కేనట.

మొదటిది అల్యూమినియం గొట్టాలతో చేశాడు. లావు గొట్టంలోకి సన్నది దూరేట్టు మూడు ముక్కలు. లాగితే నాలుగున్నర అడుగులు, తోస్తే మూరెడు చిల్లర. రెక్క నీలం డ్రమ్ము లోంచి కోసిందే, జానెడు వెడల్పు. ముక్కలు జారకుండా అడ్డంగా బోల్టు వేసి రెక్కల నట్టు బిగించాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. చెరువుకు తీసుకుపోయి, తెప్ప మీది ఒక పెద్దమనిషి చేతిలో పెట్టాం.

ఆయన పది వేట్లు వేశాడు. పదకొండో వేటుకు రెక్క అడ్డం తిరిగింది. గుండ్రని గొట్టంలో గుండ్రని గొట్టం తిరగకుండా ఉండాలంటే భారమంతా ఆ ఒక్క బోల్టే మోయాలి. మెత్తటి అల్యూమినియంలో దాని రంధ్రం అప్పుడే కోడిగుడ్డు ఆకారంలోకి సాగింది. సరిచేద్దామని నట్టు విప్పబోతే తడి వేళ్లలోంచి జారి బుడుంగుమంది. పట్టపగలు, నిలకడ నీళ్లలో ఇదీ కథ. అర్ధరాత్రి వానలో నట్టు వెతుక్కునేదెవరు? ఒడ్డు దగ్గర ఇసుక దూరి, సన్న గొట్టం లావు గొట్టంలోకి మళ్లీ దిగనే లేదు.

పెద్దమనిషి దాన్ని మాకిచ్చేసి తలెత్తి చూశాడు. చెరువు కట్ట మీదుగా కరెంటు తీగలు పోతున్నాయి.

“ఇనుమో సిలవరో, వరదల తీగలు నెత్తి మీదికొస్తయి బిడ్డా. దీన్ని లేపితే మనిషి మాడిపోతడు. మీకు కట్టె దొరకలేదా?”

మేస్త్రీ, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇంత చదివిన నాకు తట్టని సంగతి చదువురాని ఆయనకు తట్టింది అని రాస్తే కథ రక్తి కడుతుంది. కానీ అసలు సంగతి అది కాదు. ఆయన నీళ్ల మీద ఉంటాడు, నేను ఒడ్డున ఉంటాను. అంతే.

రెండోది వెదురుతో. మేదరి వాళ్ల దగ్గర ముదురు వెదురు తెచ్చి మూడు ముక్కలు కోశాడు. చువ్వను ఎర్రగా కాల్చి లోపలి కణుపులు పొడిచాడు. చుయ్‌మని పొగ, బెల్లం మాడిన వాసన. ఆ బోలులోంచి సైకిల్ ట్యూబు చీల్చిన రబ్బరు పట్టీని పై కొస నుంచి కింది కొస దాకా లాగి కట్టాడు. ముక్కలు విడదీసి మడవొచ్చు కానీ ఒకదాన్నొకటి వదిలిపోవు. వదిలేస్తే రబ్బరే వాటిని దగ్గరికి లాగుతుంది.

అతుకు దగ్గర ఆయన చేసిన పని నేను కళ్లార్పకుండా చూశాను. నీళ్ల పైపు ముక్కను గ్యాస్ మంట మీద తిప్పుతూ మెత్తబరిచాడు. అప్పడంలా వంగుతుందనగా, గోనె గుడ్డతో పట్టుకొని వెదురు కొసకు తొడిగి నొక్కాడు. వెంటనే తడి గుడ్డ చుట్టాడు. వెదురు ఎక్కడా నిండు గుండ్రం కాదు కదా, దాని వంకరే పైపుకూ వచ్చింది. ఇప్పుడు ఒకదానిలో ఒకటి తిరగదు. దూరేది ఒక్క తీరుగానే దూరుతుంది. చీకట్లో కూడా చేతికి తెలుస్తుంది. బోల్టు అక్కర్లేదు. ఊడకుండా చిన్న బటన్ మాత్రం పెట్టాడు, నొక్కితే లోపలికి పోయి వదిలితే బయటికొచ్చేది. ఎక్కడిదని అడిగితే వాళ్ల నాయన పాత చేతికర్రలోదన్నాడు, పొడుగు పెంచి తగ్గించే రకం. నేను హాల్కెట్ పేరు ఎత్తలేదు.

వెదురుకు కూడా పేచీలున్నాయి. తడిస్తే ఉబ్బి అతుకు పట్టేస్తుంది, ఎండితే వదులవుతుంది. పుచ్చు పడుతుంది. పొగ తగిలే వంటింటి సజ్జ అయితే కొన్నేళ్లు నిలుస్తుందని మేస్త్రీ లెక్క. మరో మాట దాచకుండా చెప్పాలి. మోరంచవాగు ఆ తెల్లవారుజామున ఉరికిన ఉరుకుకు ఈ తెడ్డు కాదు, దీని తాత కూడా నిలవదు. పారే వరదలో దిగవద్దు. ఉరవడి తగ్గాక ఊళ్లో నిలిచిన నీళ్లలో, డాబా నుంచి డాబాకు, మందుబిళ్లలు, తాగే నీళ్లు, పసిపిల్ల పాలు అందించేందుకు ఇది. అప్పుడైనా ఒంటికి లైఫ్ జాకెట్ ఉండాలి.

చెరువులో పెద్దమనిషి ఈసారి అవతలి ఒడ్డు దాకా పోయొచ్చాడు. నీళ్లలో వదిలి చూశాడు, తేలింది. ఏమీ అనలేదు. తెడ్డును తిరిగివ్వడానికి మాత్రం కొంచెం ఆలస్యం చేశాడు.

మేస్త్రీ మరిపెడ దిక్కున్న చుట్టానికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టాడు. తెడ్డు సంగతంతా చెప్పాడు, మడిస్తే ఎంతుంటదో కూడా. అవతల కాసేపు గిన్నెలు జరిపిన చప్పుడు.

“బావా, మా సజ్జ మీద పప్పు డబ్బాకు గోడకు నడుమ మూరెడే ఉన్నది. డబ్బా తీస్తే మీ చెల్లె ఊకోదు.”

మేస్త్రీ తెడ్డును మూరేసి కొలిచాడు. నాలుగు వేళ్లు ఎక్కువుంది. చెవి మీది పెన్సిల్ తీసి గీత గీసి, రంపం కోసం వెతుక్కున్నాడు.