బోయింగు కేంద్రకార్యాలయము: మూడు రాష్ట్రముల స్పర్ధ

పరిశ్రమలను ఆకర్షించుటకై రాష్ట్రపాలకులు పరస్పరము స్పర్ధించుట అమెరికా సంయుక్త రాష్ట్రములలో చిరకాలముగా నున్న ఆచారము. 1936లో మిసిసిపీ గవర్నరు హ్యూ వైట్, పత్తిపంటనే నమ్ముకొని ఆర్థికమాంద్యమున అలమటించుచుండిన తన రాష్ట్రమునకు కర్మాగారములను రప్పింపనెంచి, పౌరుల సమ్మతితో పురపాలక సంఘములు ఋణపత్రములు జారీచేసి, ఆ ధనముతో భవనములు నిర్మించి పారిశ్రామికుల కప్పగించునట్లు శాసనము చేయించెను. పేద రాష్ట్రము తన బిడ్డల జీవనోపాధికై పడిన ఆ ఆరాటమును నేను తప్పుపట్టజాలను.

2001లో జరిగినది వేరు. విలియం బోయింగు 1916లో సియాటిల్ నగరమున స్థాపింపగా, ఎనుబదియైదేండ్లు ఆ ప్రాంతపు కార్మికుల చేతినేర్పుతో వర్ధిల్లి, 1997లో మెక్‌డొనెల్ డగ్లస్ సంస్థను తనలో విలీనము చేసికొనిన ఆ విమాననిర్మాణ సంస్థ, తన కేంద్రకార్యాలయమును డెన్వర్, డల్లస్, చికాగో ప్రాంతములలో నొకదానికి తరలించునని అధ్యక్షుడు ఫిల్ కాండిట్ మార్చి 21న ప్రకటించెను. కర్మాగారములు కదలవు, కదలునది సుమారు ఐదువందలమంది పనిచేయు కార్యాలయము మాత్రమే. భూకంపము సంభవించి మాసమైనను నిండని సియాటిల్ పౌరులకు ఈ వార్త రెండవ యాఘాతమయ్యెను. ఆ విమానములకు రెక్కలు బిగించిన చేతుల అభిప్రాయమును అడిగినవారు లేరు.

కొలరాడో, టెక్సస్, ఇల్లినాయ్ పాలకులు రంగమున దిగిరి. ఇల్లినాయ్ గవర్నరు జార్జ్ రయన్, చికాగో మేయరు రిచర్డ్ డేలీ ఏకమై, తరలింపు వ్యయమున కొంత తిరిగి చెల్లించుటకును, పన్నులలో రాయితీ లిచ్చుటకును పూనుకొనిరి. శాసనసభ అందుకై ప్రత్యేక చట్టమునే చేసెను. ఎన్నుకొనిన భవనమున అదివరకున్న అద్దెదారుని ఒప్పందము రద్దుపరచుటకు నగరము పదిలక్షల డాలర్లు భరించెను. మొత్తము సుమారు 6 కోట్ల డాలర్లు, ఇరువదియేండ్ల కాలములో. ఒక్కొక్క ఉద్యోగమునకు లక్షా ఇరువదివేల డాలర్లు పడినవన్నమాట! ఏ నగరమున దిగునో చెప్పకయే మే 10న కాండిట్ విమాన మెక్కగా, గమ్యము చికాగో యని పిమ్మట వెల్లడియయ్యెను.

కర్మాగారమునకు పునాదియు, యంత్రములును, శిక్షితులైన పనివారును ఉందురు గనుక అది తేలికగా కదలదు. కార్యాలయమున కట్టి బంధములు లేవు. ప్రజాధనముతో కొనుటకు అంతకంటె అస్థిరమైన వస్తువు వేరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయము. చికాగో ఇచ్చిన రాయితీల గడువు 2021లో తీరెను. 2022 మే నెలలో బోయింగు సంస్థ తన కేంద్రకార్యాలయమును వర్జీనియాలోని ఆర్లింగ్టనునకు మార్చుచున్నట్లు ప్రకటించెను.