చెరిగిపోయిన చేతిరాతలు

మా ఇంట్లో ఇప్పటికీ ఒక రాతి పలక ఉంది. చెక్క చట్రం మూలలు అరిగిపోయాయి, ఒక అంచు పెచ్చు లేచింది. మార్కాపురం పలక. మా ఊరు కంభంలో మా ఈడువాళ్లం ఓనమాలు దిద్దింది ఇలాంటి పలకల మీదే. దొండాకు, బొగ్గు కలిపి రుద్దితే నల్లగా తేలేది. అయ్యవారు చెప్పింది బలపంతో రాయాలి, ఆయన చూడగానే తుడిచేయాలి. తుడిచేలోగా తలకెక్కితే ఎక్కినట్టు, లేకుంటే ఆ పాఠం అంతటితో సరి.

పలక రాకముందు పిల్లలు దేని మీద రాశారు? కంభం సీమ 1800లో దత్తమండలాలతోపాటు ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. ఆ మండలాల్లోదే అయిన బళ్లారికి కలెక్టరుగా ఉన్న ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో అక్కడి బడుల మీద ఒక నివేదిక పంపాడు. మొత్తం 533 బడులు, అందులో తెలుగువి 226. పిల్లలు ముందు ఇసుకలో వేలితో దిద్దేవాళ్లు. ఆ తర్వాత చదునైన చెక్కకు అన్నమూ బొగ్గుపొడీ పూసి, దాని మీద బలపంతో రాసేవాళ్లు. లేదంటే కడితం: గుడ్డకు గంజి పెట్టి, పుస్తకంలా మడతలు వేసి, బొగ్గూ జిగురూ పట్టించింది. తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ కొత్తది. ఖర్చు లేని ఈ పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు. అర్థం తెలియకుండా పద్యాలు చిలకల్లా అప్పజెప్పడాన్ని మాత్రం తప్పుపట్టాడు.

చిలక చదువు కడితంతో పోలేదు. నేను హైస్కూలుకొచ్చేసరికి చేతికి కాగితం వచ్చింది, తుడిచే పని తప్పింది. అయ్యవారు నోట్సు చెబుతుంటే కామాతో సహా ఎక్కించేవాళ్లం. ఒక్క ముక్కా బుర్రలోకి పోయేది కాదు. పరీక్ష ముందు రోజు తెరిస్తే నా రాతే నాకు కొత్తగా ఉండేది.

దీనికి దారి మా నాయన అంగడిలో దొరికింది. పగలంతా జరిగింది జరిగినట్టు చిట్టాలో గీకేవాడు. రాత్రి దీపం పెట్టాక, పేరుపేరుకూ ఆవర్జాలోకి ఎక్కించేవాడు. ఎవరి లెక్కలో తేడా ఉందో బయటపడేది అప్పుడే. నేను చరిత్ర పంతులునయ్యాక పిల్లలకు ఇదే చెప్పాను. తరగతిలో రాసేది చిట్టా: పేరు, సంవత్సరం, కారణం, అర్థం కానిచోట ఒక గుర్తు. ఆ రాత్రే పుస్తకం మూసి, సొంత మాటల్లో ఆవర్జా రాయాలి. రాయలేక ఆగిపోయినచోటే మరునాడు అడగాల్సిన ప్రశ్న. వారం ఆగితే చిట్టా కూడా చెరిగిన పలకే.

ఈ పలకల ముచ్చటలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఒకటుంది. పొరలు పొరలుగా చీలే మార్కాపురం రాయిని కోసి, చట్రం బిగించిన చేతుల్లో పసిచేతులూ ఉన్నాయి. దేశంలోని పిల్లల బడులకు పలకలు చేసిన ఆ పిల్లల్లో చాలామంది బడి ముఖం చూడలేదు. 1988లో మొదలైన జాతీయ బాలకార్మిక పథకం తొలి జాబితాలోనే మార్కాపురం పలకల పరిశ్రమ చేరింది.

రాజుల శాసనాలు రాతి మీద మిగిలాయి. అదే రాతి మీద పిల్లలు రాసింది ఒక్క అక్షరమూ మిగల్లేదు. చదువు ఎలా సాగిందో చెప్పడానికి నాకు కలెక్టరు నివేదికే దిక్కయింది, చదివిన పిల్లవాడి రాత దొరకలేదు. కంభం, మార్కాపురం, గిద్దలూరు ఇళ్లలో అటకల మీద పాత కడితాలు, చిట్టాలు, మీ అమ్మానాన్నల బడి నోట్సులు ఉంటే దయచేసి తూకానికి వేయకండి. పై అట్ట మీద పేరు, ఊరు, సంవత్సరం రాసి దాచండి.