గేటు ముందు తెల్ల వ్యాను: అంబులెన్స్ పుట్టుపూర్వోత్తరాలు

హైదరాబాద్‌లో ఏ పెద్దాసుపత్రి గేటు దగ్గరకు వెళ్లినా తెల్ల వ్యాన్లు వరుసగా ఆగి ఉంటాయి. చాలామటుకు మారుతీ ఓమ్నీలు, వాటి తర్వాత వచ్చిన ఈకోలు. వెనక తలుపెత్తి చూస్తే ఒక స్ట్రెచర్, డ్రైవరు సీటు వెనక తాడుతో బిగించిన ఆక్సిజన్ సిలిండర్, ఒక మనిషి ముడుచుకుని కూర్చునే చిన్న సీటు కనిపిస్తాయి. పైకప్పు బాగా కిందికి ఉంటుంది. రోగి పక్కన మోకాళ్ల మీద నిలిచి, రెండు చేతులూ ఛాతీ మీద ఆనించి, ఒళ్లు బరువంతా వేసి నొక్కడానికి చోటు చాలదు. గుండె ఆగిన మనిషికి దారిలో ముందు చేయాల్సింది ఆ పనే. ఆ వీలు లేని బండి మీద కూడా ఎర్రక్షరాలతో అంబులెన్స్ అనే రాసి ఉంటుంది.

అంబులెన్స్ పుట్టినప్పుడు ఇలా లేదు. 1792 నాటికి ఫ్రెంచి సైన్యంలో ఒక నియమం ఉండేది. గాయపడినవాళ్లను మోసే బండ్లు యుద్ధభూమికి దాదాపు నాలుగైదు కిలోమీటర్ల వెనకే ఆగాలి. పోరు ముగిశాకే ముందుకు కదలాలి. ఈలోగా నెత్తురు కారుతూ పడివున్నవాళ్లలో చాలామంది ప్రాణాలు పోయేవి. డొమినిక్ లారే అనే యువ శస్త్రవైద్యుడు దీన్ని చూసి సహించలేకపోయాడు. ఫిరంగులను గుర్రాలు అంత వేగంగా లాక్కెళుతుంటే మనుషులను ఎందుకు తీసుకురాలేవని అడిగాడు. కుదుపు తగలకుండా స్ప్రింగులు బిగించి, రెండు చక్రాల తేలిక బండ్లు చేయించాడు. వాటితో పాటు వైద్యుణ్ణి కూడా పంపాడు. హోదా చూడొద్దు, ఎవరి గాయం పెద్దదో వాళ్లకే ముందు చికిత్స అన్నాడు. వేగం, వెంట వైద్యం, అవసరాన్ని బట్టి వరుస: అంబులెన్స్‌కు పునాది ఈ మూడే.

మన దేశంలో అప్పటికి ఉన్నది డోలీ. బ్రిటిష్ ఇండియా సైన్యంలోనూ గాయపడినవాళ్లను బోయీలు డోలీల్లోనే మోసేవాళ్లు. ఈ చరిత్రలో మనవాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన పేజీ ఒకటుంది. 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం మొదలైనప్పుడు గాంధీజీ నేటాల్‌లో భారతీయ అంబులెన్స్ దళాన్ని కూడగట్టారు. అందులో చేరిన సుమారు 1,100 మందిలో 800 మంది ఒప్పంద కూలీలే. బూత్ అనే మిషనరీ వైద్యుడు దళానికి తర్ఫీదిచ్చాడు. 1900 జనవరిలో స్పియన్ కాప్ పోరులో గుళ్లు పడే చోటికి కూడా వెళ్లి, క్షతగాత్రులను స్ట్రెచర్ల మీద రోజుకు 20, 25 మైళ్లు మోశారు. నేటాల్ చెరకు తోటలకు మద్రాసు రేవు నుంచి ఓడలెక్కిన కూలీల్లో తమిళులతో పాటు విశాఖ, గంజాం, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల తెలుగువాళ్లూ ఉన్నారు. అంబులెన్స్ చరిత్ర రాసేవాళ్లు ఈ కూలీలను వదిలేయకూడదు.

యుద్ధభూమి దాటి నగరానికి వచ్చిన తొలి అంబులెన్స్ సేవల్లో ఒకటి 1869 నాటిది. న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రిలో డాల్టన్ అనే మాజీ సైనిక వైద్యుడు గుర్రబ్బండ్లతో సేవ మొదలుపెట్టాడు. ప్రతి బండిలో ఒక వైద్యుడు, కట్లు, నెత్తురు ఆపే పట్టీలు, కొంచెం బ్రాందీ. చాలా ఊళ్లలో ఆ పద్ధతి నిలవలేదు. 1960ల నాటికి అమెరికాలో సగం అంబులెన్సులు శవపేటికలు మోసే కంపెనీల చేతుల్లోనే ఉండేవి. మనిషిని పడుకోబెట్టగల పొడవైన బండి వాళ్ల దగ్గరే ఉండటం దానికి కారణం. 1966లో వెలువడిన ఒక జాతీయ నివేదిక ఈ దుస్థితిని బయటపెట్టింది. అదే ఏడాది ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో పాంట్రిడ్జ్ అనే గుండె వైద్యుడు కారు బ్యాటరీలతో పనిచేసే డిఫిబ్రిలేటర్‌ను అంబులెన్స్‌లో పెట్టి, గుండెపోటు వచ్చినవాళ్ల ఇంటికే పంపాడు.

అన్నిటికన్నా నన్ను కదిలించేది అమెరికాలోని పిట్స్‌బర్గ్ కథ. అక్కడి హిల్ డిస్ట్రిక్ట్ నల్లజాతివాళ్ల పేట. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే పోలీసు వ్యాను వచ్చి వెనక పడేసుకుని పోయేది. వైద్యుడు పీటర్ సేఫర్ 1966లో ఉబ్బసంతో కూతుర్ని పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది ఆ పేటలోని నిరుద్యోగ యువకులను చేరదీసి నెలల తరబడి శిక్షణ ఇప్పించి, ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్‌కు ప్రాణం పోశాడు. బండిలోనే చికిత్స మొదలుపెట్టడం ఎలాగో వాళ్లు దేశానికి చూపించారు. 1975లో నగరపాలన ఆ సేవను తనలో కలిపేసుకుని, వాళ్లలో చాలామందిని పక్కకు నెట్టింది. అది అన్యాయం.

మన దగ్గర చాలాకాలం ఎవరి ఆసుపత్రి బండి వాళ్లదే. రెడ్ క్రాస్, సెయింట్ జాన్ లాంటి సంస్థలు కొంత ఆదుకునేవి. ఢిల్లీలో 1991లో క్యాట్స్ అనే ప్రభుత్వ అంబులెన్స్ సేవ, తర్వాత ముంబైలో 1298 నంబరు సేవ వచ్చాయి. 1298ది ప్రైవేటు సేవే అయినా పద్ధతి బాగుండేది: ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లేవాళ్లు పూర్తి ఛార్జీ కట్టాలి, సర్కారు ఆసుపత్రికి వెళ్లే పేదలకు తగ్గింపు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. అది కూడా ఒక ప్రైవేటు కుటుంబం దాతృత్వంతో పుట్టిందే. తర్వాత ప్రభుత్వం ఖర్చు పంచుకుంది. 2009లో ఆ కుటుంబం నడిపిన సత్యం కంపెనీ కుంభకోణం బయటపడ్డాక జీవీకే సంస్థ 108ని చేపట్టింది. కుయ్ కుయ్‌మంటూ వచ్చే ఆ బండి వెనక టెక్నీషియన్ ఉంటాడు. ముందు బండి నడిపేవాణ్ణి పైలట్ అంటారు.

108 ఉన్నా గేటు ముందు వ్యాన్లు తగ్గలేదు. 108 పిలుపు అందుకునేది ఆపద వేళ. ఒక ప్రైవేటు ఆసుపత్రి నుంచి మరోదానికి మార్చడం, డిశ్చార్జ్ అయినవాళ్లను ఊరికి చేర్చడం, మృతదేహాన్ని ఇంటికి తీసుకెళ్లడం దాని పనులు కావు. ఆ ఖాళీని నింపింది ఈ వ్యాన్ల డ్రైవర్లే. వాళ్లలో చాలామంది అప్పు చేసి బండి కొనుక్కున్నవాళ్లు, అర్ధరాత్రి పిలిచినా వచ్చేవాళ్లు. వాళ్లే లేకపోతే నగరం ఒక్క రోజు గడవదు. అయితే మీటరు లేని చోట బేరమే ధర అవుతుంది. దుఃఖంలో ఉన్నవాడు బేరం ఆడలేడు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ఆసుపత్రి దగ్గర ఒక తండ్రి, అడిగినంత ఇచ్చుకోలేక, కొడుకు మృతదేహాన్ని మోటారుసైకిలు మీద 90 కిలోమీటర్ల దూరం తీసుకెళ్లాడు. బయటి బండిని అక్కడి డ్రైవర్లు రానివ్వలేదని వార్తలొచ్చాయి. కొవిడ్ రోజుల్లోనే, 2020 సెప్టెంబరులో, రాష్ట్రాలు అంబులెన్సులకు సహేతుకమైన ఛార్జీలు ఖరారు చేయాలని సుప్రీంకోర్టు చెప్పి ఉంది. అది జరిగి ఏడాదిన్నర దాటాక ఈ ఘోరం.

ఇంతకీ నగరానికి ఉన్న అంబులెన్సులు సరిపోతాయా అన్న ప్రశ్నకు కాగితం మీద ఒక జవాబుంది. లక్ష జనాభాకు ఒక సాధారణ అంబులెన్స్, ఐదు లక్షలకు వెంటిలేటర్ ఉన్నది ఒకటి అన్నది జాతీయ ఆరోగ్య మిషన్ కొలత. 2011 లెక్కల ప్రకారం సుమారు 67 లక్షలున్న గ్రేటర్ హైదరాబాద్‌కు అది 67 సాధారణ బండ్లు, 13 వెంటిలేటర్ బండ్లు. ఇప్పటి జనాభాకు అంతకన్నా చాలా ఎక్కువ కావాలి. వ్యాన్లన్నీ కలిపితే ఆ అంకెను దాటవచ్చు. అయితే కేంద్రం తెచ్చిన ఏఐఎస్-125 ప్రమాణం అంబులెన్సులను ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాలుగా విడదీసింది. బీ రోగిని చేర్చే బండి మాత్రమే. రోగిని తీసుకెళ్తూ ప్రాణం కాపాడే సామగ్రి ఉండేది సీ, డీల్లోనే. గేటు ముందు ఓమ్నీని ఎంత ఉదారంగా చూసినా బీ దాటదు. లారే ఆనాడే బండి ఎక్కించిన వైద్యుడు ఇందులో లేడు. కాబట్టి నా మాట ఇది: హైదరాబాద్‌లో మోసే బండ్లకు కొదవ లేదు. వైద్యం చేస్తూ తీసుకెళ్లే ప్రైవేటు బండ్లే చాలవు.

ప్రభుత్వం చేయాల్సింది అసాధ్యమేమీ కాదు. ప్రతి బండి మీద దాని రకం పెద్దక్షరాల్లో రాయించాలి. కిలోమీటరు రేటు తెలిపే బోర్డు గేటు దగ్గర పెట్టాలి. సీ, డీ రకం ప్రైవేటు బండ్లను 108 కాల్ సెంటరుకు కలిపి, దగ్గరున్నది వెళ్లేలా చూడాలి. మనం చేయగలిగినవీ ఉన్నాయి. ప్రాణాపాయమైతే ముందు 108కి ఫోన్ చేయండి. ప్రైవేటు బండి పిలవాల్సి వస్తే, వెనక టెక్నీషియన్ వస్తాడా అని అడిగి, సిలిండర్ మీటరు ముల్లు ఎక్కడుందో మీ కళ్లతో చూశాకే ఎక్కించండి. రోడ్డు మీద సైరన్ వినిపిస్తే పక్కకు తప్పుకోండి. తప్పుకోకపోతే 2019 నుంచి చట్టం ప్రకారం 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.